ఆకుపచ్చ సీసా, రాళ్ల ఉప్పు

పోయిన నెల మా కాలేజీలో ఎమ్మెస్సీ ఫైనలియర్ చదివే అమ్మాయి పరుగున వచ్చి ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. రెండు చిన్న గాజు సీసాలు. ఎడమదాంట్లో ముదురు ఆకుపచ్చ నీళ్లు. కుడిదాంట్లో నారింజ రంగు నీళ్లు, అడుగున చిటికెడు నీలం పొడి. "వర్కయింది సార్!" అంది. మూడు నెలలుగా ఓవెన్ ముందు కాపలా కాసిన పిల్ల. ఆ మొహం చూస్తే నాకూ సంతోషమేసింది.

కాకపోతే ఆ ఫొటో నాకు కొత్త కాదు. అచ్చం అలాంటిదే నా థీసిస్ నాలుగో చాప్టర్‌లో ఉంది. మిథిలీన్ బ్లూ, మిథైల్ ఆరెంజ్ కలిపితే నీళ్లు ఆకుపచ్చగా అవుతాయి. అందులో లాంథనైడ్ కోఆర్డినేషన్ పాలిమర్ (లాంథనైడ్లనే లోహాల అయాన్లనీ కర్బన అణువుల్నీ ముడేసి కట్టిన స్ఫటికం) పొడి కాస్త వేసి ఒక పూట వదిలేస్తే నీలం రంగేమో పొడిలోకి పోతుంది, నారింజ నీళ్లలోనే మిగిలిపోతుంది. ఈ రంగంలో పేపర్లు తిరగేసేవాళ్లకి ఆ జంట సీసాలు పెళ్లి ఫొటో లాంటివి. మనుషులు మారతారు, పోజు మారదు.

రిపోర్టు డ్రాఫ్టు కూడా మెయిల్ చేసింది. బట్టల పరిశ్రమలు వదిలే రంగు నీళ్లు పర్యావరణానికి పెద్ద ముప్పు అని మొదటి వాక్యం. కాబట్టి రంగుల్ని ఎంచుకుని పట్టే ఈ పదార్థాన్ని తయారుచేశాం అని రెండోది. నా మొదటి పేపర్ కూడా ఇలాగే మొదలవుతుంది. నేను ఆ వాక్యాలు ఎవరి దగ్గర ఎత్తుకున్నానో గుర్తులేదు. వాళ్లూ ఎవరి దగ్గరో ఎత్తుకునే ఉంటారు.

ఆ రెండు వాక్యాల మధ్యనున్న "కాబట్టి" గురించే ఈ పోస్టు. అది అక్కడ ఉండకూడదని నా వాదన. ఉంచాలంటే మాత్రం సీసాలో ఇంకొక వస్తువు వేసి చూడాలి. అదేమిటో మా మామ నాకు నేర్పాడు, నేర్పుతున్నానని ఆయనకు తెలియకుండానే.

నీలం ఎందుకు లోపలికి పోతుంది

ముందు ఆ సీసాల గొప్పతనం ఒప్పుకోవాలి. లేకపోతే నేను నా పాత పని మీద కసి తీర్చుకుంటున్నట్టు ఉంటుంది.

లాంథనైడ్ అయాన్లకి ఆక్సిజన్ అంటే మహా ప్రీతి. జింకు, రాగి లాంటివి చుట్టూ నలుగురితోనో ఆరుగురితోనో సరిపెట్టుకుంటే, ఇవి ఎనిమిది తొమ్మిది ఆక్సిజన్లని చుట్టూ కూర్చోబెట్టుకుంటాయి. కార్బాక్సిలిక్ ఆమ్లం చేతులు మూడున్న లిగాండ్‌నీ (లోహాన్ని పట్టుకునే కర్బన అణువు), టెర్బియం అనే లాంథనైడ్ నైట్రేట్‌నీ డీఎంఎఫ్ అనే ద్రావణిలో కలిపి, టెఫ్లాన్ గిన్నె ఉన్న స్టీల్ ఆటోక్లేవ్‌లో బిగించి, 120 డిగ్రీల ఓవెన్‌లో 72 గంటలు పెట్టేవాణ్ణి. అదృష్టం బాగుంటే అడుగున పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలు. బాగోకపోతే సున్నం లాంటి ముద్ద. మా ల్యాబ్‌లో చాలామందికి గురువారం మీద ఒక నమ్మకం ఉండేది, అది వేరే కథ.

ఆ వేడికి డీఎంఎఫ్‌లో కొంచెం విరిగి డైమిథైల్ అమీన్ పుడుతుంది. అది ప్రోటాన్ తగిలించుకుని ధన అయాన్ అవుతుంది. స్ఫటికం చట్రానికి ఋణావేశం ఉంటే, దాన్ని సరితూచడానికి ఈ ధన అయాన్లు పోర్లలో, అంటే లోపలి సన్నటి ఖాళీల్లో, అద్దెకి దిగుతాయి. తర్వాత మిథిలీన్ బ్లూ వస్తుంది. దానిదీ ధనావేశమే. అద్దెకున్నవాడు ఖాళీ చేస్తాడు, ఇది దిగుతుంది. మిథైల్ ఆరెంజ్‌ది ఋణావేశం, గుమ్మంలోనే ఆగిపోతుంది. సైజు తేడా వల్ల కాదు, రెండు అణువులూ ఇంచుమించు ఒకే పొడవు, 16-17 ఆంగ్‌స్ట్రామ్‌లు. అనుమానం తీరాలంటే ఏ ఆవేశమూ లేని సాల్వెంట్ యెల్లో లాంటి రంగు కూడా వేసి చూస్తారు. అదీ లోపలికి పోకపోతే, సెలెక్షన్ జరిగింది ఆవేశం చూసే అని తేలిపోతుంది. మూడు సీసాలు, నీళ్లు ఏ వెలుగుని ఎంత మింగుతున్నాయో కొలిచే ఒక యూవీ-విస్ మిషను. 664 నానోమీటర్ల దగ్గర నీలం శిఖరం గంట గంటకీ కుంగిపోతుంది, 464 దగ్గర నారింజది కదలదు. ఇంత శుభ్రంగా, ఇంత చౌకగా ఒక స్ఫటికం మనసు చదవగలిగే ప్రయోగాలు కెమిస్ట్రీలో చాలా తక్కువ. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను.

పైగా టెర్బియంది కాబట్టి వెలుగు. రాత్రి ల్యాబ్‌లో లైట్లార్పి యూవీ ల్యాంపు కింద పెడితే ఆ పొడి పచ్చగా మెరిసేది. 545 నానోమీటర్ల పచ్చ. పక్క బెంచీ సీనియర్ది యూరోపియం, ఎర్రగా మెరిసేది. దీపావళికి టపాకాయలు కొనలేని రీసెర్చ్ స్కాలర్ల పండగ అది.

మామ క్యాను

మా మేనమామది నల్గొండ వైపు ఒక నేత ఊరు. నూలుకీ పట్టుకీ రంగులద్దే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, నాలుగు పొయ్యిలు, మసిబారిన స్టీలు గంగాళాలు, పైన వెదురు కర్రల మీద ఆరేసిన చిలపలు. 2011 దసరాకి వెళ్లినప్పుడు, ఏం చదువుతున్నావని అడిగితే మొదటిసారి వివరంగా చెప్పాను. ఆ యేడు జనవరిలోనే మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో తిరుప్పూరులో ఏడు వందలకు పైగా డైయింగ్ యూనిట్లు మూతపడ్డాయి. ఆ కబురు నూలు షావుకార్ల నోట మామ దాకా వచ్చింది. అందుకే కాబోలు, శ్రద్ధగా విన్నాడు.

"గా పొడి మా నీళ్లల్ల ఏస్తే తేటగైతయారా అల్లుడా?" అన్నాడు.

"సూద్దాం మామా" అన్నాను, ఖాయంగా అవుతాయనే ధీమాతో.

అయిదు లీటర్ల నూనె క్యాను ఒకటి కడిగి, మోరీ (మురికి కాలువ) దగ్గర పట్టి ఇచ్చాడు. మెరూన్ రంగు నీళ్లు. బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. మూత కొంచెం కారి, పక్కాయన పంచె అంచుకి అంటింది. ఆయన తిట్టిన తిట్లలో కొన్ని నాకు అంతకుముందు తెలియవు.

ల్యాబ్‌లో పీహెచ్ పేపరు ముంచితే 11 దగ్గర చూపించింది. పది మిల్లీలీటర్లు తీసి పది మిల్లీగ్రాముల పొడి వేశాను. పొద్దున వచ్చి చూస్తే నీళ్లు నిన్నటి మెరూనే. పొడి మాత్రం మారిపోయింది. మెరిసే పలుకులు పోయి, విరిగిన పాల తరకల్లాగా అడుగున తేలీతేలకుండా ఉంది. వడగట్టి, కడిగి, ఆరబెట్టి యూవీ ల్యాంపు కింద పెట్టాను. పచ్చ వెలుగు లేదు. ల్యాంపు పాడైందేమోనని మంచి పొడి పెట్టి చూశాను. అది వెలిగింది. పౌడర్ ఎక్స్-రే తీస్తే, స్ఫటికానికి సూదుల్లా ఉండాల్సిన శిఖరాల బదులు ఒక బోడి గుట్ట. ఆ క్షారంలో, ఆ సోడాలో చట్రం ఊడిపోయి టెర్బియం హైడ్రాక్సైడో కార్బొనేటో అయిపోయింది.

గైడ్‌కి చెప్పాను. "రియల్ శాంపిల్స్ వేరే పేపర్ అవుతుంది, ముందు ఇది ముగించు" అన్నారు. ఆయన తప్పుపట్టి అనలేదు, నన్ను కాపాడటానికే అన్నారు. ఆ వేరే పేపర్ ఎప్పటికీ రాయలేదు. థీసిస్‌లో ఆ పూట సంగతి ఒక్క లైను కూడా లేదు. క్యాను ఫ్యూమ్ హుడ్ కింద ఏడాది ఉండి, ఎవరో శుభ్రం చేసినప్పుడు పోయింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా మామ అడిగేది పొడి గురించి కాదు, క్యాను గురించే.

రెండు జేబుల్లో రెండు నిజాలు

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో స్థిరపడ్డాక, ఒక సెలవు రోజు మామ షెడ్డులో కూర్చుని ఊరికే చూస్తున్నాను. రంగు కలిపాక ఆయన గోనె సంచిలోంచి చేటతో రాళ్ల ఉప్పు తీసి గంగాళంలో పోస్తున్నాడు. ఒక చేట, రెండు, మూడు. "ఇంత ఉప్పెందుకు మామా?" అన్నాను. కెమిస్ట్రీలో డాక్టరేట్ ఉన్నవాడు అడగాల్సిన ప్రశ్న కాదది. "ఉప్పెయ్యకుంటే రంగు నీళ్లల్లనే ఉంటది, నూలుకు పోదు" అన్నాడు.

అంతే కదా మరి. నీళ్లలో నూలుకి కాస్త ఋణావేశం ఉంటుంది. నూలుకి వేసే రియాక్టివ్ రంగులకి సల్ఫోనేట్ తోకలు, వాటిదీ ఋణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు పోస్తే ఆ నెట్టుడు తగ్గి రంగు నూలు మీదికి దిగుతుంది. ముదురు షేడ్లకి లీటరుకి 50 నుంచి 80 గ్రాముల దాకా పడుతుంది. తర్వాత సోడా వేస్తే రంగు నూలుతో గట్టిగా ముడిపడుతుంది. కొంత రంగు మాత్రం నూలు బదులు నీటితోనే ముడిపడి చెడిపోతుంది. అది ఇక దేనికీ పట్టదు, మోరీలోకే. రంగునీ షేడునీ బట్టి పదో వంతు నుంచి మూడో వంతు పైచిలుకు దాకా అలా పోవచ్చు. పట్టుకి వేసే యాసిడ్ రంగులవీ ఋణావేశాలే.

అంటే మామ మోరీలో ఉన్నవి: ఋణావేశపు రంగులు, ఉప్పు, సోడా. నా స్ఫటికం గుమ్మంలోనే ఆపేసే రకం రంగులు అక్కడున్నాయి. ముచ్చటగా లోపలికి పిలుచుకునే మిథిలీన్ బ్లూ లాంటి ధనావేశపు రంగులు ఎక్కువగా యాక్రిలిక్‌కి వాడతారు. మిథిలీన్ బ్లూ సంగతికొస్తే, 1876లో బట్టల రంగుగానే పుట్టినా, ఈ రోజు అది మైక్రోస్కోప్ స్లైడ్ల మీద, ఆస్పత్రి ఇంజెక్షన్లలో కనిపించినంతగా బట్టల మీద కనిపించదు. మామ జన్మలో దాన్ని కొనలేదు.

ఇదొక్కటే అయితే సర్దుకోవచ్చు. ధనావేశపు చట్రం కడితే ఋణావేశపు రంగులు పడతాయి, అలాంటి స్ఫటికాలూ ఉన్నాయి. అసలు దెబ్బ ఉప్పు దగ్గరుంది.

మా పేపర్లలో ఎంచుకోవడం అయ్యాక ఇంకో ప్రయోగం తప్పకుండా ఉంటుంది: పట్టిన రంగుని వదిలించడం. నీలం పొడిని మామూలు డీఎంఎఫ్‌లో వేస్తే నీలం బయటికి రాదు. అదే డీఎంఎఫ్‌లో సోడియం క్లోరైడ్ కలిపితే గంటలో ద్రావణం నీలంగా మారుతుంది. సోడియం లోపలికి, నీలం బయటికి. జరిగింది అయాన్ల మార్పిడే అనడానికి ఇది సాక్ష్యం, పొడిని మళ్లీ వాడుకోవచ్చు అనడానికి కూడా. నా థీసిస్‌లో ఈ బొమ్మ ఉంది. కింద "రీజెనరబుల్" అని గర్వంగా రాసుకున్నాను.

అంటే ఉప్పు నీళ్లు నా స్ఫటికం చేత రంగు కక్కించే మందు. మామ మోరీలో పారేదే ఉప్పు నీళ్లు. ఏ ద్రావణంతో నేను పొడిని ఖాళీ చేశానో, దాదాపు అదే ద్రావణంలోంచి రంగు లాగుతానని మొదటి పేజీలో రాశాను. ఈ రెండు నిజాలూ ఏళ్ల తరబడి నా దగ్గరే ఉన్నాయి. ఒకటి ఎడమ జేబులో, ఇంకొకటి కుడి జేబులో. వాటికి ఒకదానికొకటి పరిచయం లేదు. మామ చేటతో ఉప్పు పోస్తుంటే, ఆ మధ్యాహ్నం వాటికి పరిచయమైంది.

తిరుప్పూరు కథ కూడా అప్పుడే సరిగా అర్థమైంది. అక్కడి నొయ్యల్ నది ఎర్రగా నీలంగా పారిన ఫొటోలే మనకి గుర్తుంటాయి, ఎందుకంటే రంగు కంటికి కనిపిస్తుంది. అక్కడి రైతుల బావుల్ని పాడుచేసిన దాంట్లో పెద్ద వాటా కనిపించని ఉప్పుది. అందుకే అక్కడ చివరికి ఆర్వోలు, ఆవిరి యంత్రాలు పెట్టి, చుక్క నీరు బయటికి వదలకుండా, ఉప్పుని కూడా వెనక్కి తీసుకునే పద్ధతికి వచ్చారు. కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది, అది వేరే గొడవ. ఆ మొత్తం వ్యవహారంలో "మేం నీలాన్ని మాత్రమే పడతాం, నారింజని ముట్టుకోం" అనేవాడికి ఉద్యోగం లేదు. మోరీకి కావలసింది తిండిపోతు. దొరికిందల్లా మింగే యాక్టివేటెడ్ కార్బన్ లాంటిది. మనం వంకలు పెట్టే కొత్తల్లుణ్ణి తీసుకెళ్లి అక్కడ కూర్చోబెడుతున్నాం.

ఒక చిన్న లెక్క కూడా వేశాను, నవ్వుకోవడానికి. మామ షెడ్డు నుంచి రోజుకి రెండు వేల లీటర్లు పోతాయనుకుందాం. లీటరుకి 100 మిల్లీగ్రాముల రంగు అనుకుందాం. రోజుకి 200 గ్రాముల రంగు. గ్రాము పొడి అర గ్రాము రంగు పడుతుందని ఉదారంగా ఒప్పుకున్నా 400 గ్రాముల పొడి కావాలి. నాకు ఒక ఆటోక్లేవ్‌లో మూడు రోజులకి వచ్చేది 60 మిల్లీగ్రాములు. మామ ఒక్క రోజు మోరీకి నేను 6,600 పైచిలుకు ఆటోక్లేవులు బిగించాలి. ఆ డీఎంఎఫ్ అంతా ఎక్కడ పారబోయాలో అప్పుడు ఇంకో పేపర్ రాయాలి.

పుట్టింటి మీద బెంగ

ఇంకొక సంగతి ఉంది. ఇది లాంథనైడ్లకే ప్రత్యేకం, నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేదీ ఇదే.

భీమునిపట్నం వైపు, శ్రీకాకుళం వైపు సముద్రం ఇసకలో మోనజైట్ ఉంటుంది. దేశంలో ఎక్కువ మోనజైట్ నిల్వలున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే. మోనజైట్ అంటే ఏమిటి? లాంథనైడ్ల ఫాస్ఫేట్, కాస్త థోరియంతో సహా. కొండలు అరిగి, ఏళ్లూ నదులూ ఈడ్చుకొచ్చి, అలలు యుగాల తరబడి దంచినా చెక్కుచెదరని ఉప్పు అది. దాన్ని విడగొట్టాలంటే గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడకేయాలి, లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లంలో. అంత కష్టపడి లాంథనైడ్‌ని ఫాస్ఫేట్ నుంచి విడదీసి, శుద్ధి చేసి, సీసాలో పోసి అమ్మితే, మనం దానికి ఒక కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని జత చేసి మురికి నీళ్లలో వేస్తాం. ఆ నీళ్లలో డిటర్జెంట్ల నుంచో మనుషుల నుంచో కాస్త ఫాస్ఫేట్ ఉంటుంది. లాంథనైడ్ కొత్త కాపురం వదిలేసి ఫాస్ఫేట్ దగ్గరికి పోతుంది. చట్రం కూలుతుంది. అది మళ్లీ మోనజైట్ అయ్యే దారిలో పడుతుంది.

ఈ గుణాన్ని దాచకుండా వాడుకున్నవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు 1990ల్లో బంకమట్టికి లాంథనం ఎక్కించి, చెరువుల్లో నాచు పెంచే ఫాస్ఫేట్‌ని అడుగున కట్టిపడేసే మందు తయారుచేశారు. ఫాస్‌లాక్ అనే పేరుతో అది నిజం చెరువుల్లో పడింది. లాంథనానికి ఏది ఇష్టమో అదే పని అప్పగించారు. స్ఫటికమూ అక్కర్లేదు, వెలుగూ అక్కర్లేదు.

టెర్బియం సంగతి మరీ విడ్డూరం. మన మోనజైట్‌లో ఎక్కువ భాగం సీరియం, లాంథనం, నియోడిమియం లాంటి తేలిక రకాలే. టెర్బియం ఉండేది పిసరంత. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతుల మీద అదుపు పెట్టిన ఏడు మూలకాల్లో టెర్బియం ఒకటి. మోటార్ల అయస్కాంతాలకి దాని కోసం కంపెనీలు వెతుక్కుంటుంటే, నేను దాన్ని మోరీలో కలపడానికి ప్రపోజల్ రాశాను. రంగు పట్టే పనిలో దాని ప్రమేయం కూడా అంతంతే. పట్టింది చట్రం మీది ఆవేశం. టెర్బియం చేసింది ఫొటోలో మెరవడం.

అయితే ఇదంతా దండగేనా

ఇక్కడే నాకు అనుమానాలు మొదలవుతాయి. ఈ పోస్టు రెండు వారాలు డ్రాఫ్టులో పడి ఉండటానికి కారణం ఇవే.

మొదటిది. 2025 అక్టోబరులో, లోహ అయాన్లనీ కర్బన అణువుల్నీ కలిపి పోర్లున్న చట్రాలు కట్టినందుకు కిటగావా, రాబ్సన్, యాఘీలకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "ఇది నువ్వు చేసిందే కదా" అని తెగ మెసేజులు. (చేసింది కాదు, చేసిన దాని పక్క సందు. మా కోఆర్డినేషన్ పాలిమర్లలో పోర్లున్న వాటినే వాళ్ల గుంపులో కలుపుతారు. ఆ పేర్ల పంచాయితీకి, కెమిస్ట్రీలో పేర్లు ఖాయం చేసే ఐయూపాక్ వాళ్లు 2013లో తీర్పు చెప్పాల్సి వచ్చింది.) రాబ్సన్ 1989లో రాగి అయాన్లనీ నాలుగు చేతుల అణువునీ కలిపి వజ్రం లాంటి చట్రం కట్టినప్పుడు, ఇది ఏ మోరీకి పనికొస్తుందని ఆయన్ని ఎవరైనా నిలదీస్తే ఏమయ్యేది? కాబట్టి పనికిరాదు కనుక చేయొద్దు అనే మాట నా నోట రాకూడదు. రావడం లేదు. చేయండి. అణువుల్ని ఆవేశం చూసి వేరుచేసే స్ఫటికం కట్టాం అని చెప్పుకోండి. అది చాలదా? నాకు చాలు. రివ్యూయర్‌కి చాలదని భయపడి కదా మనం మోరీని మధ్యలోకి లాగేది.

రెండోది. మా బ్యాచ్‌మేట్ ఒకరికి ఇది ఫోన్‌లో చదివి వినిపిస్తే గట్టిగానే తగులుకున్నాడు. "మిథిలీన్ బ్లూ ఒక కొలబద్ద మాత్రమేరా, యాక్టివేటెడ్ బొగ్గు నాణ్యత కూడా దాంతోనే కొలుస్తారు. ఎవరూ దాన్ని నిజంగా మోరీలో వెతకట్లేదు" అన్నాడు. నిజమే. కొలబద్దని కొలబద్ద అంటే నాకు గొడవే లేదు. పేపర్ మొదట్లో నదులు, చేపలు, క్యాన్సర్ అన్నీ వచ్చి, మధ్యలో డిస్టిల్డ్ వాటరూ మిథిలీన్ బ్లూ వచ్చి, చివర్లో "మురుగునీటి శుద్ధికి ఆశాజనకం" అని ముగిస్తేనే ఇబ్బంది. వాడు ఇంకో మాట కూడా అన్నాడు: "నీకు ఉద్యోగం వచ్చేసింది కాబట్టి ఈ నీతులు." దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడోది అన్నిటికన్నా బరువైనది. చిన్న కాలేజీల్లో మా పిల్లలకి దొరికేవి ఒక ఓవెన్, ఒక త్రాసు, ఒక యూవీ-విస్. గ్యాస్ అధిశోషణం కొలవాలంటే లక్షల మిషను, ఊరు దాటి వెళ్లి నెలల తరబడి క్యూ. రంగు నీళ్ల ప్రయోగానికి కావలసిన మిథిలీన్ బ్లూ సీసా మూడు బ్యాచ్‌లకి వస్తుంది. పొడి ఎంత రంగు పడుతుందో చూపే లాంగ్‌మ్యూర్ గీత గీయొచ్చు, ఎంత వేగంగా పడుతుందో చెప్పే కైనెటిక్స్ నేర్చుకోవచ్చు, తప్పులు చేయొచ్చు. ఆ ఒక్క దారీ మూసేస్తే వాళ్లకి మిగిలేది రికార్డు బుక్ కాపీ కొట్టడమే. అందుకే నన్ను ఎవరైనా ఆ పేపర్లన్నీ చెత్త అంటే నాకు కోపం వస్తుంది. ఆ మాట అనేవాళ్లకి సాధారణంగా మంచి మిషన్లు ఉంటాయి.

మరి నేను అడుగుతున్నదేమిటి? ఒక ప్యాకెట్ ఉప్పు. లేబరేటరీ గ్రేడ్ కూడా కాదు, కిరాణా కొట్లోది చాలు. ఫెసిలిటీస్ లేవు అని ఉప్పు విషయంలో ఎవరూ అనలేరు. మోరీ మాట ఎత్తినవాళ్లు సీసాలో లీటరుకి యాభై గ్రాముల లెక్కన ఉప్పు, కాస్త సోడా వేసి, ఆ ఫలితం కూడా పక్కన పెట్టాలి. పని చేయకపోతే చేయలేదని రాయాలి. ఎత్తనివాళ్లు వేయక్కర్లేదు.

ఇలా అడిగి ముందుకెళ్లినవాళ్లు ఉన్నారు కూడా. కాల్గరీ యూనివర్సిటీలో జార్జ్ షిమిజు బృందం కట్టిన కాల్ఫ్-20 అనే చట్రాన్ని సిమెంటు ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి వాడారు. అందులో ఏ అపురూప లోహమూ లేదు, జింకు. లిగాండ్లు కూడా మార్కెట్లో దొరికేవే. పొగలో తేమ ఉంటుంది, ఆమ్ల వాయువులుంటాయి, ఖాళీ చేయడానికి ఆవిరి కొట్టాలి. వీటిని తట్టుకుంటుందా అని చూశారు, తట్టుకుంది. దానికన్నా ఎక్కువ గ్యాస్ పట్టే చట్రాలు చాలానే ఉన్నాయి, తేమ తగిలితే చతికిలబడతాయి.

ఫొటో తర్వాత

ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. చెబితే మొహం మాడిపోతుందని భయం. స్టాఫ్‌రూమ్‌లో మజ్జిగ కోసం పెట్టుకున్న ఉప్పు డబ్బా ఇచ్చి, కుడి సీసాలో ఒక చెంచా వేసి రాత్రంతా వదిలెయ్యమన్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి ఫొటో వచ్చింది. రెండు సీసాలూ ఆకుపచ్చగానే ఉన్నాయి. కుడిది కాస్త లేత, అంతే. కింద ఒక ఏడుపు ఎమోజీ. ఆ తర్వాత రోజంతా మెసేజ్ లేదు. నేను చేసింది సరైన పనేనా అని బాగా టెన్షన్ పడ్డాను. మూడు నెలల కష్టం మీద మజ్జిగ ఉప్పు చల్లాను కదా.

మూడో రోజు తనే వచ్చింది, గ్రాఫ్ షీటు పట్టుకుని. ఒక చెంచా కాకుండా కొంచెం కొంచెంగా పెంచుతూ ఎనిమిది సీసాలు పెట్టిందట. ఎంత ఉప్పు దగ్గర నీలం బయటికి రావడం మొదలవుతుందో, ఎక్కడ ఇక ఆగకుండా వచ్చేస్తుందో గీత గీసింది. గీత మధ్యలో ఒక మలుపు ఉంది, ఎందుకో తనకీ తెలియదు, నాకూ తెలియదు. "టెర్బియం బదులు లాంథనం పెట్టి చేస్తే మలుపు పక్కకి జరుగుతుందా సార్? దాని సైజు పెద్దది కదా" అంది. లాంథనం అయాన్ వ్యాసార్థం 103 పికోమీటర్లకీ టెర్బియంది 92కీ ఉన్న తేడా ఆ మలుపుని కదుపుతుందో లేదో నాకు చూడాలనుంది. మొదటి పేజీ గురించి నేను ఏమీ అడగలేదు, తనూ ఏమీ అనలేదు.

నిన్న ఫోన్ చేసి నిజం రంగు నీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. మామ నంబరిచ్చి, ముందు నేనే మామతో మాట్లాడాను. అంతా విని, "నీళ్లకేంది, ఎన్నన్న తీస్కపొమ్మను" అన్నాడు. "క్యాను మాత్రం వాళ్లనే తెచ్చుకొమ్మను."